నీడిల్ తిప్పే పెట్టె

పొద్దున ఏడింటికి సరిగ్గా కుదిరిన నీడిల్ పదకొండింటికి కుదరదు. గ్లో ఇంజిన్‌తో మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ళు తరచూ చెప్పుకునే మాట ఇది. నీడిల్ అంటే ఇంజిన్‌కి వెళ్ళే ఇంధనాన్ని పెంచి తగ్గించే సూది. నేనూ నమ్మాను. ఆ నమ్మకంతోనే ఏడు నెలలు, రెండు సర్వోలు (చెప్పినంత మేర తిరిగే చిన్న మోటార్లు), ఒక ల్యాండింగ్ గేరు, ఇంట్లో లెక్క చెప్పలేనన్ని ఆదివారాలు ఖర్చుపెట్టి, నీడిల్‌ని తనంతట తానే సర్దుకునే పెట్టె ఒకటి తయారుచేశాను. అది పనిచేసింది కూడా. గొడవంతా అక్కడే వచ్చింది.

మేం ఎగరేసేది చౌటుప్పల్ దాటాక ఒక మిత్రుడి బీడు భూమిలో. మే నెలలో అక్కడ మూడు వారాల్లో మూడుసార్లు నా ఇంజిన్ గాల్లోనే ఆగిపోయింది. మూడుసార్లూ ఒకటే వరస. ఎగిరేటప్పుడు బాగుంటుంది, ఐదారు నిమిషాలు గడిచాక గొంతు సన్నబడుతుంది, కీచుమంటుంది, ఆగిపోతుంది. మిశ్రమం లీన్ అయిపోయిందని, అంటే గాలిలో కలిసే ఇంధనం తక్కువైపోయిందని, గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఎండ వల్లే అనుకున్నాను.

ఈ ఇంజిన్ల సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. నాది 7.5 సీసీ టూ స్ట్రోక్. ఇందులో పెట్రోలు ఉండదు, స్పార్కు ప్లగ్ ఉండదు. ఇంధనం మిథనాల్, దానిలో ఐదో వంతు దాకా నూనె, కావాలంటే కొంచెం నైట్రోమీథేన్. నైట్రో ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకే మేం నైట్రో లేకుండానే, మిథనాల్‌లో ఆముదం కలిపి నడుపుతాం. అవును, మన ఆముదమే, కాకపోతే బాగా శుద్ధి చేసింది. ఇంజిన్ తిరుగుతుంటే పొగ వాసనకి మా నానమ్మ పెట్టిన ఆముదం దీపం గుర్తొస్తుంది. (మిథనాల్ మాత్రం ఆటవస్తువు కాదు. కల్తీ సారా తాగి జనం చూపు పోగొట్టుకునేది, చచ్చిపోయేది దీనివల్లే. పైగా ఎండలో దాని మంట కంటికి కనపడదు. మంచినీళ్ళ సీసాలో పోసి పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.)

గ్లో ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్న తీగ చుట్ట ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ తగిలించి ఎర్రగా కాలుస్తాం. ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తాం. ఆ తర్వాత లోపలి వేడీ, మిథనాల్‌కీ ప్లాటినానికీ మధ్య జరిగే రసాయన చర్యా కలిసి తీగని వేడిగా ఉంచుతాయి. ఇక మన చేతిలో మిగిలేది నీడిల్ ఒక్కటే. అది కార్బురేటర్‌లోకి వెళ్ళే ఇంధనాన్ని తగ్గించి పెంచే సూది. నా దానికి ఒక చుట్టుకి 24 క్లిక్కులు. ఇంధనం ఎక్కువైతే రిచ్: పొగ బాగా వస్తుంది, ఒక చుట్టు తప్పించి ఒక చుట్టు మండుతూ బడబడమంటుంది, బలం ఉండదు. తక్కువైతే లీన్: మొదట్లో భలే హుషారుగా, గట్టిగా తిరుగుతుంది. ఆ హుషారు చూసే కొత్తవాళ్ళు మోసపోతారు. ఇంధనంతో పాటు నూనె కూడా తగ్గుతుంది కదా, వేడెక్కి పిస్టన్ అరిగిపోతుంది. ఈ రెంటి మధ్య, ఇంజిన్ అన్నిటికన్నా వేగంగా తిరిగే శిఖరానికి కాస్త రిచ్ వైపున నిలపడమే విద్య.

మా దగ్గర ఆ విద్య తెలిసినవాడు మాస్టారు. ఒక మెషిన్ షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ తిరుగుతుంటే, ట్యాంకు నుంచి వచ్చే సిలికాన్ గొట్టాన్ని రెండు వేళ్ళతో ఒక్క క్షణం నొక్కి వదులుతాడు. నొక్కినప్పుడు చుట్లు కొంచెం పెరిగితే మిశ్రమం రిచ్ వైపు ఉన్నట్టు, మంచిదే. పెరగకుండానే కుంగితే అప్పటికే లీన్. తర్వాత విమానం ముక్కు ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని మళ్ళీ వింటాడు. అలా ఎత్తితే ట్యాంకు కార్బురేటర్ కన్నా కిందికి పోతుంది కాబట్టి మిశ్రమం పలచనవుతుంది, అక్కడా కుంగకూడదు. ఇదంతా అర నిమిషంలో అయిపోతుంది. నాకు మాత్రం ఆ శబ్దంలో తేడా ఎప్పుడూ సరిగ్గా తెలిసేది కాదు. సాఫ్ట్‌వేర్ చెవులు. అందుకే యంత్రానికి అప్పగిద్దామనిపించింది.

పెద్ద విమానాల్లో ఇది కొత్త కాదు. పిస్టన్ ఇంజిన్ల రోజుల్లోనే బెండిక్స్ స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్లలో మూసిన లోహపు తిత్తి ఒకటి ఉండేది. గాలి పలచబడితే ఆ తిత్తి ఉబ్బి, సూదిని జరిపి ఇంధనం తగ్గించేది. మోడల్ హెలికాప్టర్ల వాళ్ళు కూడా నీడిల్‌కి సర్వో తగిలించి గాల్లో ఉండగానే తిప్పుకున్నారు. కారులో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పెట్టొచ్చు కదా అని మా ఆఫీసులో ఒకతను అడిగాడు. పెట్టలేం. టూ స్ట్రోక్‌లో మండని తాజా గాలి కొంత నేరుగా పొగగొట్టంలోకి జారిపోతుంది, కాబట్టి సెన్సర్ చెప్పే లెక్కకి అర్థం ఉండదు. పైగా అంత ఆముదం మీద పడితే సెన్సర్ రెండు ఆదివారాలు బతికితే గొప్ప.

కొలవడానికి మిగిలినవి రెండు: హెడ్ (సిలిండర్ పైమూత) వేడి, ఇంజిన్ చుట్లు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు ఆర్డుయినో నానో, వేడి కొలిచే కె టైప్ థర్మోకపుల్, దాన్ని చదివే మ్యాక్స్ 6675 బోర్డు, మెమరీ కార్డు బోర్డు, గాలి పీడనం కొలిచే చిన్న సెన్సర్ కొన్నాను. అన్నీ కలిపినా ఒక మంచి సర్వో ధర కాలేదు. బాలానగర్‌లో లేతు పని చేసే అతని దగ్గర నీడిల్ తలకి ఒక చిన్న అల్యూమినియం చెయ్యి చేయించాను. సర్వో దాన్ని పావు చుట్టు, అంటే 6 క్లిక్కుల మేర తిప్పుతుంది. అందులో లీన్ వైపుకి ఒక్క క్లిక్కే వెళ్ళనిచ్చి, అడ్డంగా ఒక స్క్రూ బిగించాను. మిగతా ఐదూ రిచ్ వైపుకే. ప్రోగ్రామ్‌కి పిచ్చెక్కినా ఇంజిన్ మాడిపోకూడదని. సెన్సర్ నుంచి కబురు ఆగిపోతే సర్వో నేరుగా పూర్తి రిచ్‌కి పోయేలా రాశాను. నేను చేసిన వాటిలో తెలివైన పని ఇదొక్కటే అని మాస్టారు ఇప్పటికీ అంటాడు.

థర్మోకపుల్ ఎక్కడ పెట్టాలనేదాని మీద మొదటి తిట్లు తిన్నాను. దాని చివర వాషర్ లాంటి రింగు ఉంది కదా అని హెడ్ బోల్టు కింద పెట్టి బిగించాను.

"ఏమయ్యా, ఆరు బోల్టుల్లో ఒకదాని కింద వాషర్ పెడితే మిగతా అయిదూ ఏమైపోతాయి? హెడ్ సమంగా కూర్చుంటుందా?" అన్నాడు మాస్టారు.

తీసేసి, హెడ్‌ని చల్లబరిచే రేకుల్లాంటి ఫిన్నుల మధ్య స్టీలు క్లిప్పుతో అదిమిపెట్టాను.

చుట్లు కొలవడానికి స్పిన్నర్ (ముక్కున తిరిగే ఫ్యాను మధ్యలో ఉండే టోపీ) వెనక పళ్ళేనికి చిన్న అయస్కాంతం అంటించి, ఎదురుగా దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టాను. అయస్కాంతం బరువు గ్రాములో మూడో వంతు కూడా లేదు. రెండో రోజు ఫుల్ థ్రాటిల్‌లో టప్‌మని చిన్న చప్పుడు, ఇంజిన్ ఒక్కసారిగా వణకడం మొదలుపెట్టింది. అయస్కాంతం ఎగిరిపోయింది. ఎటు పోయిందో ఈ రోజుకీ తెలీదు. ఇంటికొచ్చాక లెక్క వేశాను: మధ్య నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 12,000 చుట్ల దగ్గర, దాని మీద పడే లాగుడు దాని బరువుకి 3,200 రెట్లు. అంటే దాదాపు కిలో బరువు వేలాడదీసినట్టు, అదీ జిగురు మీద. ఆ లెక్క ముందే వేసి ఉంటే అంటించేవాణ్ణి కాదు. అందరం ఇంజిన్ వెనకే నిలబడ్డాం కాబట్టి సరిపోయింది. తర్వాత ఫ్యాను రెక్కల నీడని పసిగట్టే ఫోటో ట్రాన్సిస్టర్ పెట్టాను. రెండు రెక్కలు కాబట్టి వచ్చిన లెక్కని రెండుతో భాగించడమే. పగటి వెలుగులో చక్కగా పనిచేసింది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఆపి ఉన్న ఇంజిన్‌కి కూడా చుట్లు చూపించేది.

మొదటి ప్రోగ్రామ్ అచ్చంగా మాస్టారి వేళ్ళకి నకలు. సర్వో నీడిల్‌ని ఒక క్లిక్కు లీన్ వైపు తిప్పి మూడు సెకన్లు ఆగుతుంది. చుట్లు పెరిగితే ఇంకా రిచ్‌లోనే ఉన్నట్టు. తగ్గితే శిఖరం దాటినట్టు, వెనక్కి రావాలి. అలా వెతుక్కుంటూ శిఖరం దొరికాక, అక్కడి నుంచి 250 చుట్లు పడిపోయేదాకా రిచ్ వైపు జరిగి కూర్చుంటుంది. నేల మీద కట్టేసి నడిపితే ముచ్చటగా పనిచేసింది. నేను కావాలని నీడిల్ చెడగొట్టినా, లీన్ స్క్రూ అడ్డం రానంత వరకు, నిమిషంలోపే సర్దుకునేది. మాస్టారు వచ్చి గొట్టం నొక్కి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి టీ పోసుకున్నాడు. ఆయన దగ్గర అది మెచ్చుకోలే.

గాల్లోకి వెళ్ళాక ఆ ముచ్చట రెండు నిమిషాలు కూడా నిలవలేదు. విమానం కిందికి దూకుతుంటే వేగం వల్ల ఫ్యాను మీద భారం తగ్గుతుంది, చుట్లు వెయ్యికి పైగా పెరుగుతాయి. నా ప్రోగ్రామ్‌కి అదేం తెలుసు? సరిగ్గా అప్పుడే అది ఒక క్లిక్కు లీన్ చేసి ఉంది. చుట్లు పెరిగాయి, అంటే లీన్ చేయడం మంచిదన్నమాట, ఇంకా చేద్దాం అనుకుంది. నేను పైకి లేపేసరికి చుట్లు పడిపోయాయి, అయ్యో తప్పు చేశామని గబగబా రిచ్ వైపు పరిగెత్తింది. పైన ఇంజిన్ రకరకాల గొంతులతో ఏడుస్తుంటే కింద అందరూ నవ్వుతున్నారు. ఒక క్లిక్కు వల్ల వచ్చే తేడా 100, 150 చుట్లు. విమానం వేగం వల్ల వచ్చే తేడా వెయ్యి. జాతరలో నిలబడి గుసగుస వినడానికి ప్రయత్నించినట్టుంది. ఆ అడ్డ స్క్రూ లేకపోతే ఇంజిన్ ఆ రోజే పోయేది.

కాబట్టి చుట్ల పద్ధతిని నేల మీదికే పరిమితం చేశాను. ఎగిరే ముందు ఒకసారి శిఖరం వెతికి, ఆ స్థానం గుర్తుపెట్టుకుంటుంది. గాల్లో మాత్రం హెడ్ వేడిని బట్టే నడుస్తుంది. నా ఇంజిన్ హాయిగా ఉన్నప్పుడు ఆ క్లిప్పు దగ్గర 106 నుంచి 118 డిగ్రీలు చూపిస్తుంది. అది దాటితే ప్రతి రెండు సెకన్లకీ పావు క్లిక్కు రిచ్, తగ్గితే పావు క్లిక్కు లీన్. ఇదీ మొదట్లో ఊయల ఊగింది. నీడిల్ తిప్పిన ప్రభావం హెడ్ వేడిలో కనపడటానికి నా లాగ్‌లో 15 సెకన్ల పైనే పట్టింది. ఆలోపు ప్రోగ్రామ్ ఏడెనిమిదిసార్లు తిప్పేసేది. అన్నం ఉడకలేదని మంట పెంచుతూ పోయి చివరికి మాడగొట్టడం లాంటిదే. రెండు సెకన్లని పది చేశాను. థ్రాటిల్ 80 శాతం పైన కనీసం 8 సెకన్లు నిలబడితేనే పని మొదలుపెట్టమన్నాను, మిగతా సమయంలో ఎక్కడున్నది అక్కడే. దసరా వెళ్ళేసరికి కుదిరింది.

ఇక వాతావరణం భాగం. అసలు మొదలుపెట్టిందే దాని కోసం కదా. డిసెంబరు పొద్దున 12 డిగ్రీలకీ మే మధ్యాహ్నం 42 డిగ్రీలకీ గాలి సాంద్రత పదో వంతు దాకా తగ్గుతుంది. కార్బురేటర్‌లో గాలి లాగుడే ఇంధనాన్ని పీలుస్తుంది కాబట్టి మిశ్రమం మారేది ఆ తేడాకి వర్గమూలం లెక్కన, అంటే 5 శాతం. అదీ ఏ వైపుకి? రిచ్ వైపుకి. గాలి పలచబడితే అదే ఇంధనం ఎక్కువవుతుంది. ఎండకి లీన్ అవుతుందని నేను మే నెల నుంచి అనుకుంటున్నది తిరగేసిన మాట. ఇక ఒకే రోజు ఏడింటికీ పదకొండింటికీ మధ్య తేడా లెక్క వేస్తే 2 శాతం. నా నీడిల్ మీద అది ఒక క్లిక్కు కూడా కాదు. ఈ లెక్క కాగితం మీద కళ్ళముందే ఉంది. ఇంత చిన్న తేడాకి, అదీ ఎదురు దిక్కులో ఉన్న తేడాకి, ఇంజిన్ మూడుసార్లు ఎలా ఆగింది అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పీడనం సెన్సర్‌కి నాలుగు లైన్ల కోడ్ రాసి, అబ్బో అనుకుని ముందుకెళ్ళిపోయాను.

నవంబరంతా ఎగరేశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రతి ఆదివారం రాత్రి మెమరీ కార్డు తీసి గ్రాఫులు గీసుకోవడం అలవాటైంది. గీతలు అందంగా ఉండేవి. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ఇంధనం మట్టం దిగుతుంది కాబట్టి మిశ్రమం కొద్దిగా లీన్ అవుతుంది, దాన్ని సరిదిద్దడానికి సర్వో నెమ్మదిగా రిచ్ వైపు జరుగుతుంది. పుస్తకంలో చెప్పినట్టే ఉందని మురిసిపోయాను. కాకపోతే ఆరో నిమిషం దగ్గర గీత నెమ్మదిగా ఎక్కడం లేదు, మెట్టులా ఎక్కుతోంది. మొదటి వారం ఒక క్లిక్కు మెట్టు. తర్వాత రెండు. నెలాఖరుకి మూడున్నర. అది చూసి కూడా నేను అనుకున్నదేమిటంటే, నా పెట్టె ఎంత కష్టపడి పనిచేస్తోందో అని.

డిసెంబరు మొదటి ఆదివారం, ఆరో నిమిషం దాటాక, ఐదు క్లిక్కులూ అయిపోయాయి. సర్వో రిచ్ వైపు చివరికి ఆనుకుంది, ఇక తిప్పడానికి ఏమీ మిగల్లేదు. కింద నాకు ఏమీ తెలియదు, ఎందుకంటే అప్పటిదాకా గొంతులో తేడా రాకుండా పెట్టె దాచిపెడుతూ వచ్చింది. అదే మే నెలలో అయితే సన్నబడుతున్న గొంతు విని దింపుకోవడానికి అర నిమిషమైనా దొరికేది. ఈసారి కీచుమన్నదీ ఆగిందీ ఒకేసారి. దూరంగా, గాలివాటున, తక్కువ ఎత్తులో ఉన్నాను. బీడు దాకా రాలేదు. పక్క పత్తి చేలో దిగింది.

వెళ్ళేసరికి చేను ఆసామి విమానం పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏంది సారూ, మందు కొట్టే డ్రోనా ఇది?"

"కాదు పెద్దాయనా, ఊరికే సరదాకి ఎగరేస్తం."

"సరదాకా!" అని ఒకసారి విమానం వైపు, ఒకసారి నా వైపు చూసి, విరిగిన నాలుగు కొమ్మల సంగతి ఎత్తకుండా, ఊడిపోయిన చక్రం వెతికి చేతికిచ్చాడు. ఆ మర్యాదకి నేను మరింత కుంచించుకుపోయాను.

మాస్టారు గ్రాఫులు అడగలేదు. ట్యాంకు ఊడదీయమన్నాడు. మూత లాగి, లోపలి మెత్తటి గొట్టం బయటికి తీశాడు. ట్యాంకులో ఇంధనం ఎటు వాలితే అటు పడి పీల్చుకోవడానికి చివర బరువు కట్టిన గొట్టం ఉంటుంది, క్లంక్ అంటాం. గొట్టం ఒక కొస నోట్లో పెట్టుకునేవాడే, మిథనాల్ అని గుర్తొచ్చి, నీళ్ళ గిన్నెలో ముంచి సిరంజితో గాలి కొట్టాడు. ఇత్తడి గొట్టానికి తొడిగిన చోట సన్నగా బుడగలు. ఇత్తడి కొసని నేను సరిగ్గా నునుపు చేయలేదు, ఆ పదును సిలికాన్‌ని ఊగిసలాటలో కోస్తూ వచ్చింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ చిల్లు ఇంధనంలో మునిగి ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. మట్టం దానికన్నా కిందికి దిగగానే ఇంధనంతో పాటు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ ఆరో నిమిషం. అందుకే మెట్టు. మే నెలలో ఆగినప్పుడూ ఐదారు నిమిషాలకే ఆగింది, ట్యాంకూ అదే, గొట్టమూ అదే. ఎండ మీద వేసిన నింద మొత్తం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

"జ్వరం వచ్చినవాడికి చల్లటి గుడ్డ వేస్తూ కూర్చుంది నీ యంత్రం. బాగానే వేసింది. జ్వరమెందుకొచ్చిందని ఎవరూ అడగలేదు," అన్నాడు.

కొత్త గొట్టం ధర ముప్పై రూపాయలు.

తర్వాత ప్రోగ్రామ్‌లో రెండే మార్పులు చేశాను. ఒకటి, నేల మీద కుదిరిన స్థానం నుంచి సర్వో రెండు క్లిక్కులకి మించి దిద్దాల్సి వస్తే దిద్దడం ఆపేస్తుంది, విమానం కడుపు కింద పెట్టిన ఎర్ర ఎల్‌ఈడీ వెలిగిస్తుంది. ఇంజిన్ గొంతు మారితే మారనీ, నాకు వినపడాలి. రెండు, అరగంట కష్టపడి రాసిన పీడనం కోడ్ తీసేశాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక ట్యాంకులో సర్వో ముప్పావు క్లిక్కుకి మించి కదలలేదు. దీపం ఒక్కసారే వెలిగింది. దింపి చూస్తే మఫ్లర్ (సైలెన్సర్) నుంచి ట్యాంకుకి ఒత్తిడి తీసుకెళ్ళే గొట్టం ఊడి వేలాడుతోంది. మామూలుగా అయితే ఆ ఆదివారం కూడా పొలాల్లో వెతుక్కునేవాణ్ణి.

అది చూశాకే మాస్టారు నోరు విప్పాడు. నాకూ ఒకటి చేసిపెట్టు అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. సర్వో ఏ సైజు పెడదాం అని అడిగాను.

"సర్వో నాకెందుకయ్యా? నీడిల్ నా చేతిలోనే ఉండనీ. ఆ ఎర్ర దీపం ఉంది చూడు, అదొక్కటే చాలు."

సర్వో లేకపోతే అది ఎంత దిద్దిందో చూసే వీలుండదు, కాబట్టి దీపం వేడిని బట్టే వెలగాలి. దానికి ఆయన ఇంజిన్ హాయిగా ఉన్నప్పటి వేడి ఎంతో ముందు కొలవాలి. ఆయనది 10 సీసీ, ఫిన్నుల మధ్య సందు నా దానికన్నా వెడల్పు, నా క్లిప్పు అందులో నిలవడం లేదు. బాలానగర్‌లో కొత్తది వంచడానికి ఇచ్చాను. ఆదివారానికి ఇస్తానన్నాడు.